మందొచ్చింది, ఓపిక పోయింది

అక్టోబరు వస్తే చాలు, నగరం గులాబీ రంగు పులుముకుంటుంది. చార్మినార్‌కు గులాబీ దీపాలు, హుస్సేన్‌సాగర్ బుద్ధుడికి గులాబీ దీపాలు. మా హబ్సిగూడ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో పొద్దున లేస్తే రిబ్బను బొమ్మలు. ఏ బ్యానర్ చూసినా ఒకటే మాట, ముందుగా కనిపెడితే రొమ్ము క్యాన్సర్ నయమవుతుందని. ఆ మాట నిజం. దాన్ని ఊరూరా చెప్పి ఆడవాళ్లను పరీక్షకు పంపుతున్న డాక్టర్లకు దండం పెడతాను. నా బాధ వేరే. ముందుగా బయటపడని వాళ్ల మాటేమిటి? సకాలంలో ఆపరేషనై, కీమో అయి, పదేళ్లు నిక్షేపంగా తిరిగి, ఒకరోజు నడుము నొప్పి రూపంలో జబ్బు మళ్లీ వచ్చినవాళ్ల మాటేమిటి? ఈ గులాబీ నడకల్లో వాళ్ల గురించి ఒక్క ముక్క వినపడదు.

నాకు డెబ్భై దాటాయి. యూనివర్సిటీ క్వార్టర్లలో కాపురం పెట్టాం, తర్వాత హబ్సిగూడలో ఇల్లు కట్టుకున్నాం. ఆర్ట్స్ కాలేజీ, తార్నాక చౌరస్తా, ఉప్పల్ రోడ్డు దాటి ఎక్కువ దూరం పోకుండానే బతుకంతా గడిచింది. ఈ జబ్బును రెండు కాలాల్లోనూ మా ఇంట్లోంచే చూశాను. అప్పుడు మా పెద్దమ్మకు, ఇప్పుడు మా కింది పోర్షన్‌లో ఉంటున్న టీచరమ్మకు. ఇద్దరికీ జబ్బు రొమ్ములోంచి ఎముకలకు పాకింది. ఇద్దరి రోజులూ గడిచిన తీరులో భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా. ఆ తేడాలో సంతోషించాల్సింది ఎంతుందో, సిగ్గుపడాల్సిందీ అంతుంది.

మా రోజుల్లో ఇంట్లో ఆ జబ్బు పేరెత్తేవారు కాదు. 1970ల మొదట్లో పెద్దమ్మ జనగామ వైపు పల్లె నుంచి మా క్వార్టర్‌కు వచ్చేసరికే గడ్డ పుండై ఉంది. మగ డాక్టరుకు చూపించడమా అని ఎన్ని నెలలు దాచిందో ఆమెకే తెలియాలి. రెడ్‌హిల్స్‌లో మెహదీ నవాజ్ జంగ్ పేరుమీద 1955లో వెలసిన ఆసుపత్రికి తీసుకెళ్లారు. రొమ్ముతోపాటు కింది కండ కూడా కోసి తీసేశారు. అప్పటి పద్ధతి అది. తర్వాత కరెంటు పెట్టారు, అంటే రేడియేషన్. ఏడాది తిరక్కముందే నడుము పట్టేసింది.

ఆమెకు ఏ జబ్బని చెప్పారో తెలుసా? వాతం అని. వరండాలో మగవాళ్లు గుసగుసగా మాట్లాడుకుని, ముసలిదానికి చెప్పొద్దని తీర్మానం చేశారు. ఆ తీర్మానంలో ఆమెకు నోరు లేదు. రాత్రిళ్లు మా అమ్మ మూకుట్లో రాళ్ల ఉప్పు వేయించి, పాత పంచె గుడ్డలో మూట కట్టి, నడుముకు కాపడం పెట్టేది. ఉప్పు చల్లారగానే మళ్లీ పొయ్యి రాజేసేది. నొప్పికి మా ఇంట్లో ఉన్న మందు అదొక్కటే. తెల్లవారుజామున పెద్దమ్మ గోడకు నుదురు ఆనించుకుని కూర్చునేది. పడుకుంటే నొప్పి, లేస్తే నొప్పి. ఆ రోజులు బంగారమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అయితే ఒక మాట చెప్పాలి. చుట్టుపక్కల క్వార్టర్ల ఆడవాళ్లు వంతులు వేసుకున్నారు. ఒకరు జావ కాచి తెచ్చేవారు, ఒకరు తల దువ్వేవారు, ఒకరు మా అమ్మను పడుకోమని పంపి రాత్రి కూర్చునేవారు. ‘ఎప్పుడు తగ్గుతుంది’ అని ఎవరూ అడగలేదు. జబ్బు ఎన్నాళ్లుంటే అన్నాళ్లూ వచ్చారు. చివరిదాకా వచ్చారు.

పెద్దమ్మ కాలానికి పాకిన జబ్బు మీద వాడే ఆయుధాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఒక స్త్రీకి అండాశయాలు తీసేస్తే రొమ్ము గడ్డ కరిగిందని గ్లాస్గోలో జార్జ్ బీట్సన్ అనే డాక్టరు 1896లో ప్రకటించాడు. కొన్ని రొమ్ము క్యాన్సర్లు ఒంట్లోని హార్మోను తిని పెరుగుతాయన్న సంగతికి అది మొదటి రుజువు. ఆ హార్మోనుకు అడ్డుపడే టామాక్సిఫెన్‌ను ఇంగ్లండులో 1962లో తయారుచేశారు. మొదట అది గర్భనిరోధక మాత్రగా పనికొస్తుందేమోనని చూశారు. రొమ్ము క్యాన్సర్‌కు అక్కడ అనుమతి వచ్చింది 1973లో. మా ఇంటికి అది అందలేదు.

ఇంకో మందు వెనక మన తెలుగువాడు ఉన్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలను నడిపిస్తూ ఫోలిక్ ఆమ్లానికి విరుగుడు పదార్థాలు తయారుచేయించాడు. వాటిలోంచి వచ్చిందే మెథోట్రెక్సేట్. ఆయన 1948లో పోయాడు. 1951లో న్యూయార్క్‌లో జేన్ రైట్ అనే డాక్టరమ్మ ఆ మందు రొమ్ము క్యాన్సర్ గడ్డల మీద కూడా పనిచేస్తుందని చూపించింది. 1976లో ఇటలీ డాక్టరు బొనడొన్నా, మెథోట్రెక్సేట్‌తో కలిపి మూడు మందులు ఆపరేషన్ తర్వాత ఇస్తే జబ్బు తిరగబెట్టడం తగ్గుతుందని లెక్కలతో నిరూపించాడు. మన ఊళ్లలో ఎంతమంది తల్లుల ఒంట్లోకి ఆ సుబ్బారావు మందు ఎక్కిందో. ఇంత చదువుకున్న మా తార్నాకలో ఆయన పేరు చెబితే పిల్లలు తెల్లమొహం వేస్తారు. ఇది నాకు కష్టంగా ఉంటుంది.

ఇక ఇప్పటి సంగతి. మా కింది పోర్షన్ టీచరమ్మకు యాభై నిండలేదు. చాలా ఏళ్ల కిందటే ఆపరేషనైంది. అందరూ మర్చిపోయారు. నడుము నొప్పి వస్తే స్కూల్లో నిలబడి నిలబడి వచ్చిందనుకుని నెలల తరబడి జెల్లు రాసుకుంది. చివరికి పెట్ స్కాన్ తీస్తే వెన్నులోనూ తుంటిలోనూ బయటపడింది. హార్మోను మీద ఆధారపడే రకమైతే ఇరవై ఏళ్ల తర్వాత కూడా తిరగబెట్టొచ్చని ఈ సంగతి తెలిసినవాళ్లు చెబుతారు. మరి ఆపరేషన్ అయ్యాక ఇంటికి పంపేటప్పుడు అది ఆడవాళ్లకు గట్టిగా చెప్పాలా వద్దా? ఒకసారి ఈ జబ్బు వచ్చినవాళ్లకు కొత్తగా నొప్పి పుట్టి, రెండు మూడు వారాలైనా తగ్గక, పడుకున్నా వదలకపోతే జెల్లుతో సరిపెట్టకూడదు. విడవని దగ్గు, కారణం లేకుండా బరువు తగ్గడం, కొత్త తలనొప్పి కూడా అంతే. నడుము నొప్పితోపాటు కాళ్లు పట్టు తప్పినా, ఒంటేలు మీద అదుపు పోయినా ఆ రోజే ఆసుపత్రికి పరుగెత్తాలి. వెన్నుపాము నలిగిపోతుంటే గంటలు కూడా లెక్కే.

టీచరమ్మ అత్తగారు నన్ను పక్కకు పిలిచి, ‘ఇప్పుడు దీనికి ఎముకల క్యాన్సర్ కూడా వచ్చిందట వదినా’ అని ఏడ్చింది. కాదు. ఎముకకు పాకినా, కాలేయానికి పాకినా, ఊపిరితిత్తికి, మెదడుకు పాకినా అది రొమ్ము క్యాన్సరే. ఇంగ్లండులో స్టీఫెన్ పేజెట్ 1889లోనే, ఈ జబ్బుతో పోయిన 735 మంది శవపరీక్షల వివరాలు చూసి, జబ్బు కణం విత్తనమైతే అవయవం నేల అనీ, సరిపడే నేల దొరికిన చోటే అది మొలుస్తుందనీ చెప్పాడు. ఏ నేలలో మొలిచినా విత్తనం రొమ్ముది. అందుకే మందు కూడా రొమ్ము క్యాన్సర్ రకాన్ని బట్టే ఇస్తారు. పాకిన చోటునుంచి వీలైతే ముక్క తీసి మళ్లీ పరీక్ష చేయాలి, ఎందుకంటే ఏళ్లు గడిచాక రకం మారి ఉండొచ్చు. ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ రిసెప్టార్లు ఉన్నాయా, హెర్-2 ఉందా, ఇవేవీ లేని ట్రిపుల్ నెగెటివా అన్న మూడు ప్రశ్నల మీదే తర్వాతి బతుకంతా నడుస్తుంది. బ్రాకా జన్యువులో లోపం ఉందేమో కూడా చూడాలి. ఉంటే ఒలపరిబ్ లాంటి మాత్రలు పనికొస్తాయి. ఆ రిపోర్టు కాయితం ఇంట్లో భూమి పత్రాలంత జాగ్రత్తగా ఉండాలి.

టీచరమ్మది హార్మోను రకం. రోజూ లెట్రోజోల్ మాత్ర, దానికి తోడు పాల్బోసిక్లిబ్. ఇది 21 రోజులు మింగి 7 రోజులు ఆపాలి. ఫ్రిజ్ మీద తగిలించిన క్యాలెండర్‌లో మింగిన రోజుకు నీలం చుక్క, ఆపిన రోజుకు ఖాళీ. మళ్లీ మొదలుపెట్టే ముందు నెత్తురు పరీక్ష. తెల్లకణాలు పడిపోతే డాక్టరు వారం ఆగమంటాడు. ఎముకలు విరగకుండా జోలెడ్రోనిక్ ఆమ్లం సూది. ఆ సూది మొదలుపెట్టకముందే పళ్ల డాక్టరుకు చూపించుకోవాలి, ఆ తర్వాత పన్ను పీకిస్తే దవడ ఎముక మానకపోవచ్చు. ఇన్ని లెక్కల మధ్య ఆమె పిల్లల పరీక్షలు చూసుకుంటుంది, కూరలు బేరం చేస్తుంది, హబ్సిగూడ స్టేషన్‌లో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో మారి లక్డీకాపూల్‌లో దిగి ఆసుపత్రికి వెళ్లొస్తుంది. మా పెద్దమ్మకు దక్కని ఈ రోజులను చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

అంకెలు కూడా చెప్పుకోవాలి. పాకిన రొమ్ము క్యాన్సర్ ఈనాటికీ పూర్తిగా నయమయ్యే జబ్బు కాదు. కానీ నిలబెట్టగలిగే జబ్బయింది. హార్మోను రకంలో రైబోసిక్లిబ్ మాత్ర కలిపి ఇచ్చిన ఒక పెద్ద పరీక్షలో సగం మంది 63 నెలలు దాటి బతికారు, కలపని వాళ్లలో అది 51 నెలలు. హెర్-2 రకం ఒకప్పుడు చాలా మొండిది. 1998లో అమెరికాలో ట్రాస్టుజుమాబ్ వచ్చింది, 2012లో పెర్టుజుమాబ్ వచ్చింది. రెండూ కీమోతో కలిపి ఇచ్చిన పరీక్షలో ఎనిమిదేళ్ల తర్వాత కూడా 37 శాతం మంది బతికే ఉన్నారు. ట్రిపుల్ నెగెటివ్ వాళ్లకు ఇంకా ఇంత దారి దొరకలేదు. ఇవి సగటు లెక్కలు, ఏ ఒక్క మనిషి గడువూ వీటిలో రాసి ఉండదు.

మందు ఇంత దూరం వచ్చింది. మరి మనం? ఇక్కడే నా సణుగుడంతా.

చుట్టాలకు ఓపిక లేదు. మొదటి నెలలో పళ్ల బుట్టలు పట్టుకుని లిఫ్ట్ నిండా వచ్చారు. ‘ఇంకా ఎన్ని కీమోలున్నాయి?’ అని అడిగారు. ‘జీవితాంతం మందు వాడాలి పిన్నీ’ అని టీచరమ్మ చెబితే మొహాలు మాడ్చుకున్నారు. జబ్బంటే తగ్గాలి, లేకపోతే పోవాలి అన్నట్టుంది వీళ్ల లెక్క. ఆరు నెలలు తిరిగేసరికి ఫోన్లు కూడా ఆగిపోయాయి. జుట్టు ఊడలేదు కదా, నవ్వుతూనే ఉంది కదా, నిజంగా అంత జబ్బేనా అని వెనక గొణిగిన వాళ్లున్నారు. పాకిన జబ్బు మొహం మీద కనపడాలని రూలేమైనా ఉందా?

ఉద్యోగమిచ్చేవాళ్లకు ఓపిక లేదు. ఆమె పనిచేసిన స్కూలువాళ్లు ‘పూర్తిగా తగ్గాక రండి మేడం’ అన్నారట, ఎంతో ప్రేమగా. పూర్తిగా తగ్గని జబ్బుకు ఆ మాట అంటే ఉద్యోగం తీసేసినట్టే. ఆమె అడిగింది రెండు పీరియడ్లు తక్కువ, కూర్చోవడానికి ఒక కుర్చీ. అవి ఇవ్వలేకపోయారు.

డాక్టరు గదిలో ఓపిక లేదు. ఒక పెద్ద ఆసుపత్రిలో పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టి, లోపలికి పిలిచి, స్కాన్ ఫిల్ములు కూడా కవరులోంచి తీయకుండా, కంప్యూటర్ వైపే చూస్తూ, ‘అదే మందు కంటిన్యూ చేయండి’ అన్నారు. నీరసం సంగతి, నిద్ర సంగతి, పిల్లలకు ఎలా చెప్పాలన్న సంగతి ఆమె చీటీ మీద రాసుకుని తెచ్చుకుంది. ఆ చీటీ మడత విప్పకుండానే ఇంటికొచ్చింది.

ఇంట్లో మగవాళ్లకు నిజం చెప్పే ఓపిక ఈనాటికీ లేదు. సినిమావాళ్లే నయం. అక్కినేని నాగేశ్వరరావు గారు 2013 అక్టోబరులో విలేకరులను పిలిచి తనకు క్యాన్సరని తానే చెప్పారు. నటి గౌతమి తన రొమ్ము క్యాన్సర్ గురించి ఏళ్ల తరబడి బాహాటంగా మాట్లాడుతున్నారు. హంసానందిని 2021 డిసెంబరులో గుండుతో ఉన్న ఫొటో పెట్టి మరీ చెప్పింది. మన ఇళ్లలో మాత్రం రిపోర్టు ముందు భర్త చేతికో కొడుకు చేతికో వెళ్తుంది. ‘ఆమెకు చెప్పకండి డాక్టర్, తట్టుకోలేదు’ అంటారు. తట్టుకోవాల్సింది ఆమే కదా! ఏ మందు కావాలో, ఎంతవరకు కావాలో, ఎవరికి ఏ నగ ఇవ్వాలో, పిల్ల పెళ్లి ముందుకు జరపాలో వద్దో చెప్పే హక్కు ఆమెది. పెద్దమ్మకు ఆ హక్కు ఇవ్వని కాలం పోయిందనుకున్నాను. పోలేదు.

తిండి మీద అందరికీ ఒక సలహా ఉంది. మా ఇంటి చుట్టూ ఉన్నన్ని ప్రయోగశాలలు మరే పేటలో ఉంటాయి? భూమి సంగతి చూసే ఎన్.జి.ఆర్.ఐ., జన్యువుల సంగతి చూసే సి.సి.ఎం.బి., మేమింకా ఆర్.ఆర్.ఎల్. అనే ఐ.ఐ.సి.టి., 1958లో కూనూరు నుంచి ఇక్కడికి వచ్చిన పోషకాహార సంస్థ. ఆ సంస్థ గేటు ముందు నుంచే రోజూ నడిచివెళ్లేవాళ్లు లక్ష్మణఫలం ఆకు కషాయం తాగమంటారు, చక్కెర మానేస్తే క్యాన్సర్ ఎండిపోతుందంటారు, పాలు విషమంటారు. తిప్పతీగ కషాయం కాలేయాన్ని దెబ్బతీసిన కేసులు మన దేశపు డాక్టర్లే రాశారు. పాల్బోసిక్లిబ్ వాడేవాళ్లు గ్రేప్‌ఫ్రూట్ తినకూడదు, పంపరపనస సంగతి కూడా డాక్టరును అడగాలి, మందు మోతాదు ఒంట్లో పెరిగిపోతుంది. ఆమెకు కావాల్సింది పప్పు, గుడ్డు, పెరుగు, ఆకుకూర, తినాలనిపించిన రోజు తినాలనిపించిన కూర. సలహా ఇచ్చేవాళ్లు ఆ కూర వండి పంపితే అంతకన్నా మేలు లేదు.

డబ్బు సంగతి చెప్పకపోతే తప్పు. 2007లో ఆరోగ్యశ్రీ రాకముందు ఈ జబ్బు వస్తే పొలం పోయేది. ఇప్పుడు తెలంగాణలో పథకం హద్దు 10 లక్షలకు పెంచారు, 2023 డిసెంబరులో. ట్రాస్టుజుమాబ్‌ను మన దేశంలోనే తయారుచేసి 2014 నుంచి తక్కువ ధరకు అమ్ముతున్నారు. 2023 జనవరిలో పేటెంటు తీరాక పాల్బోసిక్లిబ్‌ను మన కంపెనీలు తయారుచేయడం మొదలుపెడితే ధర బాగా పడింది. ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్ అనే కొత్త సూది మీద 2024 జూలై బడ్జెట్‌లో కస్టమ్స్ సుంకం ఎత్తేశారు. ఎత్తేసినా అది మామూలు జీతగాడి ఇంటికి అందే ధరలో లేదు. ఒక్కసారి చేసే ఆపరేషన్‌కు సాయం దొరికినంత సులువుగా, నెలనెలా ఏళ్ల తరబడి మింగే మాత్రకు దొరకాలి. ఏ మందు ఏ పథకంలో వస్తుందో మొదలుపెట్టక ముందే ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోవాలి. సగంలో ఆపిన మందు వల్ల ఎవరికీ లాభం లేదు.

అన్నిటికన్నా నాకు మండేది నొప్పి విషయంలో. ఉప్పు మూట కాలం పోయింది కదా, మరి ఈనాటికీ నొప్పితో అరిచేవాళ్లు ఎందుకున్నారు? 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వల్ల మార్ఫిన్ ఆసుపత్రుల్లో కూడా కరువైంది. 2014లో ఆ చట్టాన్ని సడలించారు. రెడ్‌హిల్స్‌లోని అదే ఎం.ఎన్.జె. ఆసుపత్రిలో నొప్పి తగ్గించే విభాగం ఏళ్లుగా పనిచేస్తోంది. నగరంలో స్పర్శ్ హాస్పిస్ ఉంది. జిల్లాల్లో ప్రభుత్వ ఉపశమన కేంద్రాలున్నాయి, మంచం దిగలేని వాళ్ల ఇంటికే వచ్చే ఆలన వాహనాలున్నాయి. అయినా మార్ఫిన్ పేరు చెబితే అలవాటైపోతుందని భయపడతారు, ఉపశమన వైద్యమంటే ఇక ఆశ లేదని చెప్పడమే అనుకుంటారు. రెండూ తప్పు. డాక్టరు కొలిచి ఇచ్చే మార్ఫిన్ మనిషిని లేపి కూర్చోబెడుతుంది. దానితోపాటు విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా రాయించుకోవాలి, అంతే. ఉపశమన వైద్యం జబ్బు పాకిందని తెలిసిన రోజునే, క్యాన్సర్ మందుతోపాటే మొదలవ్వాలి. చివరి వారం దాకా ఆగేది కాదు.

ప్రపంచ క్యాన్సర్ లెక్కల ప్రకారం 2022లో మన దేశంలో కొత్తగా రొమ్ము క్యాన్సర్ బయటపడ్డ ఆడవాళ్లు దాదాపు 1 లక్షా 92 వేలు, ఆ ఏడు దానితో పోయినవాళ్లు 98 వేల పైన. ఈ రెండు అంకెల మధ్య జబ్బుతోనే బతుకుతున్నవాళ్లు ఎందరున్నారో పేపర్లలో ఎవరూ రాయరు. అమెరికాలో అక్టోబరు 13ను పాకిన రొమ్ము క్యాన్సర్ రోజుగా జరుపుతారు. మన గులాబీ నెలలో కూడా ఆ ఒక్క రోజు వీళ్లను వేదిక ఎక్కించి మైకు చేతికివ్వండి. ‘జయించాను’ అని చెప్పేవాళ్ల పక్కనే ‘ఇంకా మందు మింగుతున్నాను, ఇంకా పాఠం చెబుతున్నాను’ అని చెప్పేవాళ్లు కూడా కూర్చోవాలి.

ప్రభుత్వాన్ని అడిగేది అడిగాను. ఇక మా వీధివాళ్లను, మీ వీధివాళ్లను అడుగుతున్నాను. మీ పక్కింట్లో ఇలాంటి ఆడమనిషి ఉంటే తిండి సూత్రాలు చెప్పకండి, ధైర్యంగా ఉండమని ఉపన్యాసం ఇవ్వకండి. నెత్తురు పరీక్ష రోజున తోడు వెళ్లండి. సాయంత్రం పిల్లలకు టిఫిన్ పెట్టండి. డాక్టరు గదిలో ఆమె పక్కన కూర్చుని, ఆ మడిచిన చీటీలోని ప్రశ్నలు ఒక్కొక్కటిగా చదివి జవాబు రాసుకోండి. ఆమె జబ్బు గురించి మాట్లాడితే వినండి, మామిడికాయ పచ్చడి గురించి మాట్లాడితే అదీ వినండి. మొదటి నెలలో పళ్ల బుట్టతో వెళ్లినవాళ్లు పద్దెనిమిదో నెలలోనూ వెళ్లండి. మందు ఆమె ఆయుష్షును పొడిగిస్తోంది, అంత కాలమూ తోడుండే ఓపిక మనం తెచ్చుకోవాలి.